ప్రపంచం చుట్టూ సుదీర్ఘ బ్యాక్‌ప్యాకింగ్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరు నెలలో, ఏడాదో, అంతకన్నా ఎక్కువో ఒక్క బ్యాగు వీపున వేసుకుని ప్రపంచం చుట్టి రావాలనుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటి వెనకా ఒకటే మాట ఉంది: ముందు కాలాలు చూసుకోండి, తర్వాత వీసాలు, ఆ తర్వాతే టికెట్లు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. చవగ్గా దొరికిందని టికెట్ కొనేస్తారు. అక్కడ అది వర్షాకాలమని, వీసాకి నెల పడుతుందని ఆ తర్వాత తెలుస్తుంది.

దేశాల జాబితా ఇప్పటికే చాలా పెద్దదైపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జాబితాని కాసేపు పక్కన పెట్టండి. ఈ యాత్రలో ఏది జరగకపోతే మీకు వెలితిగా ఉంటుందో అవి మాత్రం కాగితం మీద రాయండి. హిమాలయాల్లో ఒక ట్రెక్, దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పెటగోనియా, రెండు నెలలు ఒకే ఊళ్లో ఉండి స్పానిష్ నేర్చుకోవడం, ఇలాంటివి. నాలుగైదు కంటే ఎక్కువ రాకూడదు. పందిరికి ముందు గుంజలు పాతుకున్నట్టు ఇవి ముందు ఖాయం చేసుకుంటే, మిగతా దేశాలు వీటి మధ్య వాటంతటవే సర్దుకుంటాయి. సర్దుకోనివాటిని ఈసారికి వదిలేయడమే మంచిది.

ఎంత ముందు నుంచి ప్లాన్ చేయాలి?

ఏడాది యాత్రకి పది, పన్నెండు నెలలు ముందు. రోజూ కూర్చుని చేసేంత పనేమీ ఉండదు, కానీ కొన్ని పనులు తొందరపెడితే జరగవు. హెపటైటిస్ బి టీకా మామూలు కోర్సు పూర్తవడానికే ఆరు నెలలు పడుతుంది. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడితే కొత్తది తీసుకోవాలి. పెరూలో 'ఇంకా ట్రెయిల్' అనే కొండ కాలిబాట మీదికి గైడ్లు, మోతగాళ్లతో కలిపి రోజుకి 500 మందినే అనుమతిస్తారు, మంచి నెలల పర్మిట్లు చాలా ముందే అయిపోతాయి. చిలీలో టోరెస్ డెల్ పైనే పార్కులో గుడారం వేసుకునే చోటు కూడా ముందే బుక్ చేసుకోవాలి. ఇలాంటివి ఒకటో రెండో ఉంటే వాటి తేదీలే మీ క్యాలెండర్‌కి ఆధారం.

ఏ దేశానికి ఏ నెలలో వెళ్లాలో ఎలా తేల్చుకోవాలి?

మొత్తం ప్లానింగ్‌లో ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. ఒక షీట్ తీసుకుని పైన పన్నెండు నెలలు, పక్కన మీకు కావలసిన చోట్లు రాయండి. ప్రతి చోటుకీ మంచి నెలలు, పర్వాలేదనిపించే నెలలు, వద్దే వద్దనుకునే నెలలు మూడు రంగుల్లో నింపండి. దేశం పేరు కాకుండా ప్రాంతం పేరు రాయండి. వియత్నాం ఒకే దేశమైనా మధ్య తీరంలో ఉన్న హుయే, హోయ్ ఆన్ ప్రాంతాల్లో అక్టోబరు, నవంబరుల్లో కుండపోత వానలు, వరదలు వస్తాయి. దక్షిణాన డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడిగా ఉంటుంది. "వియత్నాంకి ఏ నెల మంచిది" అన్న ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేనిది అందుకే.

పెద్ద లెక్కలు కొన్ని గుర్తుంచుకుంటే షీట్ సగం నిండుతుంది. నేపాల్ ట్రెక్‌లకి అక్టోబరు, నవంబరు, మళ్లీ మార్చి నుంచి మే. ఆగ్నేయాసియా ప్రధాన భూభాగంలో దాదాపుగా మే నుంచి అక్టోబరు వానలు. తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు మార్చి నుంచి మే. కరీబియన్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30. పెటగోనియాలో నడవడానికి నవంబరు నుంచి మార్చి. పెరూ, బొలీవియా ఎత్తు ప్రాంతాలు మే నుంచి సెప్టెంబరు దాకా పొడిగా ఉంటాయి. పెరూలోని 'ఇంకా ట్రెయిల్'ని ఏటా ఫిబ్రవరిలో పూర్తిగా మూసేస్తారు.

ఇప్పుడు ఒక దారి అల్లి చూద్దాం. అక్టోబరులో నేపాల్‌లో మొదలుపెట్టి, డిసెంబరు, జనవరి ఆగ్నేయాసియాలో గడిపి, ఫిబ్రవరిలో న్యూజిలాండ్ వేసవి చివర అందుకుని, ఆక్లాండ్ నుంచి శాంటియాగో మీదుగా మార్చి మొదట్లో పెటగోనియా చేరి, అక్కడి నుంచి ఉత్తరంగా పైకి వస్తూ మే, జూన్‌లో పెరూ చూసి, జూలైలో యూరప్‌లో దిగొచ్చు. ఎక్కడా కాలంతో పోట్లాట లేదు. ఇదే దారిని ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్, జూలై నెలలు ఆగ్నేయాసియా వానల్లోనూ, ఆగస్టు న్యూజిలాండ్ చలికాలంలోనూ పడతాయి. దారి మంచిదే, బయలుదేరే నెల తప్పు. అలాంటప్పుడు దేశాలు మార్చుకోనక్కర్లేదు, మొదలుపెట్టే చోటు మార్చుకుంటే చాలు.

వానాకాలం అంటే ప్రతిచోటా అంతా మూసేస్తారని కాదు. చాలా చోట్ల సాయంత్రం రెండు గంటలు దంచికొట్టి తెరిపిస్తుంది, రద్దీ ఉండదు, గదులు చవకవుతాయి. నగరాలు, మ్యూజియాలు చూసే వారాలు అలాంటి నెలల్లో పెట్టుకోండి. కొండలు, దీవులు, పడవ ప్రయాణాలు మాత్రం వద్దు.

తూర్పుగా వెళ్లాలా, పడమరగానా?

నిద్ర సంగతి చూస్తే పడమర తేలిక. మన శరీరం లోపలి గడియారం 24 గంటల కంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి రోజు పొడవైతే సర్దుకుంటుంది, కుదించుకుపోతే ఇబ్బంది పడుతుంది. కానీ ప్రతి చోటా వారాల తరబడి ఉండేవాళ్లకి జెట్ ల్యాగ్ చిన్న విషయం. దిక్కుని కాలాలే నిర్ణయించాలి.

పసిఫిక్ మధ్యలో తేదీ మారే గీత, అంటే అంతర్జాతీయ దినరేఖ దాటేటప్పుడు మాత్రం బుకింగులు జాగ్రత్త. ఆక్లాండ్‌లో సాయంత్రం ఎక్కితే లాస్ ఏంజెలెస్‌లో అదే తేదీ మధ్యాహ్నం వేళకి దిగుతారు. మరుసటి రోజుకి గది బుక్ చేసుకుని ఉంటే ఆ రాత్రికి చోటుండదు. మెజెల్లాన్ అనే నావికుడి వెంట బయలుదేరి, భూమిని మొదటిసారి చుట్టి వస్తున్న నౌకాదళంలో మిగిలినవాళ్లు 1522లో కేప్ వెర్డె చేరినప్పుడు, తమ లెక్కలో బుధవారం అయితే ఒడ్డున గురువారమని విని నివ్వెరపోయారు. భూమి చుట్టూ తిరిగితే ఒక రోజు తేడా వస్తుందని ప్రపంచానికి అలా అనుభవంలోకి వచ్చింది.

ఏడాదిలో ఎన్ని దేశాలు చూడొచ్చు?

చూడాలంటే నలభై కూడా చూడొచ్చు. నా అభిప్రాయంలో పన్నెండు నుంచి పదిహేను దాటితే అది ప్రయాణం కన్నా రవాణా ఎక్కువవుతుంది. ఊరు మారిన ప్రతిసారీ దాదాపు ఒక రోజు పోతుంది: సామాను సర్దడం, స్టేషన్, ప్రయాణం, కొత్త బస వెతుక్కోవడం, చుట్టుపక్కల ఏముందో తెలుసుకోవడం. మూడు రోజులకొక ఊరు మారితే మీ ఏడాదిలో మూడో వంతు అందులోనే కరిగిపోతుంది. ఒక ఊళ్లో వారం ఉంటే నాలుగో రోజు నుంచి మనుషులు గుర్తుపట్టి పలకరిస్తారు. ఆ పలకరింపు కోసమే ఇంత దూరం వెళ్తున్నాం అనుకునేవాళ్లలో నేనొకణ్ణి.

రౌండ్ ద వరల్డ్ టికెట్ కొనాలా, ఎప్పటికప్పుడు విడి టికెట్లు కొనుక్కోవాలా?

స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ లాంటి విమాన సంస్థల కూటములు ప్రపంచం చుట్టి రావడానికి ఒకే టికెట్‌గా వీటిని అమ్ముతాయి. మొత్తం ప్రయాణం ఏడాదిలోపు ముగియాలి. తూర్పు అంటే తూర్పు, పడమర అంటే పడమర, ఒకే దిక్కున సాగాలి. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలని ఒక్కోసారే దాటాలి. మొదలైన దేశంలోనే ముగించాలి. స్టార్ అలయన్స్ మైళ్ల లెక్కన ధర కడుతుంది. వన్‌వరల్డ్‌లో ఎక్స్‌ప్లోరర్ రకం టికెట్‌కి ఖండాల సంఖ్యే కొలత, గరిష్ఠంగా 16 విమానాలు.

ఏడాదిలోపు ముగించే, తేదీలు చాలావరకు తేలిపోయిన, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఓషియానియా లాంటి ఖరీదైన దూరాలు కలిసే ప్రయాణానికి ఇది లాభమే. తేదీ మార్చుకోవడం తేలిక, దారి మార్చుకోవడం ఖరీదు. ఎక్కువగా బస్సులు, రైళ్ల మీద తిరుగుతూ, నచ్చినచోట ఆగిపోవాలనుకునేవాళ్లకి మాత్రం ఇది సంకెల. వాళ్లు మొదటి విమానం, మహాసముద్రాలు దాటే ఒకటి రెండు విమానాలు మాత్రం ముందు కొనుక్కుని మిగతావి వదిలేయాలి. నేనైతే రెండో దారే చెబుతాను.

విమానం ఎక్కకుండా భూమార్గంలోనే తిరగొచ్చా?

చాలా దూరం తిరగొచ్చు, కానీ కొన్ని చోట్ల దారి తెగిపోతుంది. పనామా, కొలంబియాల మధ్య డేరియన్ గ్యాప్ అనే దట్టమైన అడవి, చిత్తడి నేల ఉంది. దాదాపు 100 కిలోమీటర్ల మేర రోడ్డే లేదు. అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా పోయే పాన్ అమెరికన్ హైవే తెగేది ఇక్కడే. మ్యాప్‌లో రెండు దేశాలూ ఆనుకుని కనిపిస్తాయి కాబట్టి బస్సు ఉంటుందనుకుంటారు. సాయుధ ముఠాల చేతుల్లో ఉన్న ఆ అడవిలోకి అడుగు పెట్టొద్దు. విమానంలోనో, సముద్రం మీద పడవలోనో దాటండి.

రాజకీయాలూ దారులు మూసేస్తాయి. ఇస్తాంబుల్ నుంచి కాఠ్మాండు దాకా రోడ్డు మీద సాగిన పాత యువయాత్రికుల దారి 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనల రాకతో ఆగిపోయింది. ఏ సరిహద్దు ఇవాళ తెరిచి ఉంది, ఏది విదేశీయులకి మూసి ఉంది అన్నది బయలుదేరే నెలలో మళ్లీ చూసుకోవాల్సిందే.

వీసాలన్నీ ఇంటి దగ్గరే తీసుకుని బయలుదేరొచ్చా?

సాధారణంగా కుదరదు. చాలా వీసాలకి జారీ అయిన రోజు నుంచి కొన్ని నెలల్లోపు ఆ దేశంలోకి అడుగుపెట్టాలనే గడువు ఉంటుంది. పదో నెలలో వెళ్లే దేశానికి ఇప్పుడే తీసుకుంటే మీరు చేరేలోపు చెల్లిపోతుంది. అందుకని వీసాలని మూడు కుప్పలు చేయండి. ఎక్కువ కాలం చెల్లేవి, ఇంటర్వ్యూ అవసరమయ్యేవి ఇంటి దగ్గర. ఆన్‌లైన్‌లో దొరికే ఈ-వీసాలు దారిలో, ఒక నెల ముందు. రాయబార కార్యాలయానికి వెళ్లి తీసుకోవాల్సినవి, దారిలో దానికి ముందు వచ్చే దేశంలో. ఈ మూడో కుప్పతోనే టెన్షన్. కొన్ని రాయబార కార్యాలయాలు ఆ దేశంలో నివాసం ఉన్నవాళ్ల దరఖాస్తులే తీసుకుంటాయి, పర్యాటకులవి తీసుకోవు. వెళ్లేముందు మెయిల్ రాసి అడగండి.

రెండు తేదీల తేడా కూడా తెలుసుకోవాలి. వీసా ఏ తేదీ దాకా చెల్లుతుందన్నది ఒకటి, దిగాక ఎన్ని రోజులుండొచ్చన్నది వేరొకటి. సింగిల్ ఎంట్రీ వీసాతో పక్క దేశం చూసొద్దామని సరిహద్దు దాటితే మళ్లీ లోపలికి రాలేరు.

అమెరికా మీదుగా విమానం మారేవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. అక్కడ విమానాశ్రయం లోపలే ఉండి మారే పద్ధతి లేదు, రెండు గంటల ట్రాన్సిట్‌కైనా ఇమిగ్రేషన్ దాటాలి. వీసాయో, మీ పాస్‌పోర్ట్‌కి వీసా మినహాయింపు ఉంటే ఆన్‌లైన్‌లో తీసుకునే ఈస్టా అనుమతో తప్పదు. 2021 జనవరి 12 తర్వాత క్యూబా వెళ్లినవాళ్లకి ఆ ఈస్టా సౌకర్యం ఉండదు, పూర్తి వీసా తీసుకోవాలి. దేశాల వరస కూడా ముఖ్యమని చెప్పేది ఇందుకే.

షెంగెన్ 90 రోజుల లెక్క అర్థం కావడం లేదు.

యూరప్‌లో 29 దేశాలని షెంగెన్ పేరుతో ఒకే ఇల్లుగా లెక్కిస్తారు. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు. దిగిన రోజూ లెక్కే, వెళ్లిన రోజూ లెక్కే.

జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలలూ ఉందామనుకున్నారనుకోండి. 31, 31, 30 కలిపితే 92. రెండు రోజులు ఎక్కువ. జూలై 1న దిగితే సెప్టెంబరు 28న బయటపడాలి. మళ్లీ ఎప్పుడు రావొచ్చు? ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టాలి. డిసెంబరు 28న లెక్కపెడితే మీ జూలై 1 ఆ కిటికీలోంచి జారిపోతుంది, అప్పుడు ఒక రోజు ఖాళీ అవుతుంది. ఆ మధ్యలో సెర్బియా, అల్బేనియా, జార్జియా, టర్కీ, బ్రిటన్, ఐర్లండ్ లాంటి షెంగెన్ బయటి దేశాల్లో గడపొచ్చు, వాటి వీసా నియమాలు వేరు. 2025 అక్టోబరు నుంచి పాస్‌పోర్ట్ ముద్రల స్థానంలో వేలిముద్రలు, ఫోటోతో ఎలక్ట్రానిక్ నమోదు మొదలైంది కాబట్టి ఒక్క రోజు దాటినా యంత్రమే పట్టేస్తుంది. వీసా తీసుకుని వెళ్లేవాళ్లు స్టిక్కర్ మీద రాసిన రోజులే చూసుకోండి, అవి 90 కంటే తక్కువ ఉండొచ్చు.

విమానాశ్రయంలో తిరుగు టికెట్ అడుగుతారట. నిజమేనా?

నిజమే, అదీ ఎక్కువగా అడిగేది ఇమిగ్రేషన్‌లో కాదు, మీరు బయలుదేరే చోట చెక్-ఇన్ కౌంటర్‌లో. మీ పాస్‌పోర్ట్ తీసుకుని ఆ ఉద్యోగి కీబోర్డ్ మీద ఏదో టైప్ చేస్తారు. తెర మీద కనిపించేది టైమాటిక్ అనే సమాచార వ్యవస్థ. మీ పౌరసత్వానికి, మీరు వెళ్లే దేశానికి ఏమేం ఉండాలో అందులో వరసగా వస్తుంది: పాస్‌పోర్ట్ గడువు ఎన్ని నెలలు, వీసా, టీకా, ముందుకు వెళ్లే టికెట్. అందులో ఒకటి మీ దగ్గర లేకపోతే బోర్డింగ్ పాస్ చేతికి రాదు. పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే విమాన సంస్థకే జరిమానా పడుతుంది, వెనక్కి తెచ్చే బాధ్యతా దానిదే. వాదించి లాభం లేదు. డబ్బు పూర్తిగా వాపసు వచ్చే టికెట్‌నో, చవకైన సరిహద్దు బస్సు టికెట్‌నో దగ్గర పెట్టుకోండి, బస్సు టికెట్ చెల్లుతుందో లేదో మాత్రం విమాన సంస్థని ముందే అడగండి. నకిలీ బుకింగ్ జోలికి పోవద్దు.

పాస్‌పోర్ట్‌కి చేరే రోజు నుంచి ఆరు నెలల గడువు, కొన్ని ఖాళీ పేజీలు ఉండాలని చాలా దేశాలు కోరతాయి. దక్షిణాఫ్రికాకి కనీసం రెండు ఖాళీ పేజీలుండాలి. ఎక్కువ పేజీల పుస్తకం ఇచ్చే సౌకర్యం ఉంటే అదే తీసుకోండి.

ఎంత డబ్బు కావాలి?

ఇంకొకరి బడ్జెట్ మీకు పనికిరాదు. మీ లెక్క మీరే కట్టుకోవాలి, అదేం కష్టం కాదు. ఖర్చుని నాలుగు ముక్కలు చేయండి. బయలుదేరకముందే అయ్యేది: టీకాలు, ఇన్సూరెన్స్, సామాను. పెద్ద విమానాలు. రోజు ఖర్చు: బస, తిండి, లోకల్ బస్సులు. నాలుగోది ప్రత్యేక ఖర్చులు: కిలిమంజారో, గలాపగోస్, స్కూబా కోర్సు లాంటివి. ఈ నాలుగోదాన్ని రోజు ఖర్చులో కలిపేస్తే లెక్క తప్పుతుంది.

రోజు ఖర్చు కోసం ప్రతి దేశంలో ఒక మామూలు ఊరు తీసుకుని, మీరు నిజంగా ఉండే రకం గది ధర బుకింగ్ సైట్‌లో మీరు వెళ్లే నెలకే చూడండి. చాలా చోట్ల ఆ గది ధరకి రెట్టింపు వేసుకుంటే గది, తిండి కలిపి సుమారుగా సరిపోతుంది. ఆ పైన పదిహేను శాతం కలపండి. వీటన్నిటికీ తాకకుండా ఇంకో మొత్తం ఉండాలి: ఉన్నపళంగా ఇంటికి టికెట్ కొనడానికి, తిరిగొచ్చాక రెండు మూడు నెలలు గడవడానికి.

ఖర్చు తగ్గించే అసలు మార్గం వేగం తగ్గించడం. నెలకి ఎనిమిది ఊళ్లు తిరిగేవాళ్లు నాలుగు ఊళ్లకి దిగితే రవాణా ఖర్చు దాదాపు సగమవుతుంది, వారం, నెల లెక్కన గదికి తగ్గింపు దొరుకుతుంది, వంటగది ఉన్న చోట వండుకోవచ్చు.

కార్డులు, నగదు ఎలా?

రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, వీలైతే ఒకటి వీసా, ఒకటి మాస్టర్‌కార్డ్. రెండూ ఒకే పర్సులో పెట్టొద్దు. ఏటీఎం, దుకాణం యంత్రం "మీ సొంత కరెన్సీలో లెక్క కట్టమంటారా" అని అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే.

అందరూ మర్చిపోయేది ఓటీపీ. మీ బ్యాంకు మెసేజ్ వచ్చే సిమ్ విదేశంలో పనిచేయకపోతే సొంత డబ్బు చేతికందదు. ఆ సిమ్ ఏడాది పాటు బతికుండేలా రీచార్జ్, రోమింగ్‌లో మెసేజ్ వచ్చే సౌకర్యం బయలుదేరకముందే పరీక్షించి చూసుకోండి.

దారిలో పనిచేసి సంపాదించుకోవచ్చా?

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి దేశాలు ఒప్పందం ఉన్న దేశాల యువతకి వర్కింగ్ హాలిడే వీసా ఇస్తాయి. వయసు సాధారణంగా 18 నుంచి 30, కొన్ని దేశాలవాళ్లకి 35 దాకా. మీ పాస్‌పోర్ట్‌కి అది ఉందేమో ముందు చూడండి. బస, భోజనం కోసం రోజుకి కొన్ని గంటలు సాయం చేసే ఏర్పాట్లూ ఉన్నాయి. 1971లో ఇంగ్లండ్‌లో మొదలైన వూఫ్ అలాంటిదే, సేంద్రియ పొలాల్లో పని. డబ్బు చేతులు మారకపోయినా కొన్ని దేశాల చట్టంలో అది ఉద్యోగం కిందికే వస్తుంది. పర్యాటక వీసా మీద చేస్తే సరిహద్దులో వెనక్కి పంపేయొచ్చు.

ఏ టీకాలు వేయించుకోవాలి?

దారి తేలగానే ప్రయాణ వైద్యం తెలిసిన డాక్టర్‌ దగ్గరకి దేశాల జాబితా, నెలలు, ఉండబోయే రకం ఊళ్లు రాసుకుని వెళ్లండి. మామూలుగా చర్చకి వచ్చేవి హెపటైటిస్ ఎ, బి, టైఫాయిడ్, ధనుర్వాతం, పసుపు జ్వరం, రేబిస్, జపనీస్ ఎన్‌కెఫలైటిస్ (మెదడువాపు).

సరిహద్దులో ఎక్కువగా కార్డు అడిగేది పసుపు జ్వరం టీకాకి. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. 2016 జూలై నుంచి ఆ ధ్రువపత్రం జీవితాంతం చెల్లేలా మార్చారు. మీ సొంత దేశం నుంచి నేరుగా వెళ్తే అడగని దేశం కూడా, బ్రెజిల్ మీదుగా వస్తే అడుగుతుంది. దక్షిణాఫ్రికా అలాగే చేస్తుంది.

రేబిస్ ముందస్తు టీకా అనవసర ఖర్చని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. కుక్కో, కోతో కరిచాక ముందస్తు టీకా లేనివాళ్లకి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వేయాలి. మారుమూల దీవుల్లో, కొండ ఊళ్లలో అది తరచుగా దొరకదు. ముందే వేయించుకున్నవాళ్లకి అది అక్కర్లేదు, టీకా డోసులు మాత్రం మళ్లీ వేయాలి. ఎవరికైనా సరే, కరిచిన వెంటనే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగడం మొదటి వైద్యం.

మలేరియాకి మాత్రలు, దోమల మందు, దోమతెర. మాత్రలు ఆ ప్రాంతం వదిలాక కూడా కొనసాగించాలి, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు.

ఎత్తైన ప్రాంతాలకి ఎలా సిద్ధం కావాలి?

ఇది శరీర దారుఢ్యంతో సంబంధం లేని విషయం. పరుగు పందేలు గెలిచేవాళ్లు కూడా పడిపోతారు. దాదాపు సముద్రమట్టంలో ఉన్న పెరూ రాజధాని లిమాలో విమానం ఎక్కి గంటన్నరలో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కోలో దిగితే తలనొప్పి, వాంతులు రావడం మామూలే. దిగిన రోజే కింద 2,800 మీటర్ల దగ్గరున్న ఓయాంతాయ్‌తాంబోకి వెళ్లి రెండు రాత్రులు ఉండి పైకి రావడం మంచి పద్ధతి. బొలీవియాలో లా పాజ్‌కి సేవలందించే ఎల్ ఆల్టో విమానాశ్రయం 4,000 మీటర్ల పైనే ఉంది. ట్రెక్‌లలో 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి రోజు ఉండాలి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే కిందికి దిగాలి.

ఇంటి నుంచి మందులు తీసుకెళ్లొచ్చా?

ప్రిస్క్రిప్షన్‌తో, అసలు ప్యాకింగ్‌లో తీసుకెళ్లండి. ఇంట్లో మామూలు మందు ఇంకోచోట నేరం కావచ్చు. కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పది శాతం మించితే జపాన్‌లోకి తేకూడదు. కొడీన్, ట్రమడాల్ మీద యూఏఈలో కఠిన నియంత్రణ ఉంది. మందులతోపాటు చూసుకోవాల్సినవి ఇంకో రెండు: సింగపూర్, థాయ్‌లాండ్‌లలో వేప్‌లు (ఈ-సిగరెట్లు) నిషేధం, మొరాకోలోకి డ్రోన్ తీసుకెళ్లకూడదు.

ఇన్సూరెన్స్‌లో ఏం చూడాలి?

సామాను పోవడం గురించి కాదు, ఆసుపత్రి ఖర్చు, రోగిని వేరేచోటికి తరలించే ఖర్చు ఎంతవరకు ఇస్తారో చూడండి. పాలసీ వివరాల్లో నాలుగు మాటలు వెతకండి: ఒక్కో ప్రయాణం గరిష్ఠంగా ఎన్ని రోజులు, ట్రెక్కింగ్ ఎన్ని మీటర్ల ఎత్తు దాకా, పాత జబ్బులు, మోటార్‌సైకిల్. మామూలు పాలసీలు చాలావరకు కొద్ది వారాల ప్రయాణాలకే పనికొస్తాయి, మీకు కావలసింది దీర్ఘకాల యాత్రికుల పాలసీ.

దీవుల్లో స్కూటర్ అద్దెకి తీసుకోవడం సుదీర్ఘ యాత్రల్లో చాలామంది గాయపడే సందర్భం. మీ దేశంలో టూవీలర్ లైసెన్స్ లేకపోతే, ఇంటర్నేషనల్ పర్మిట్ ఆ దేశం ఒప్పుకునేది కాకపోతే ప్రమాదం జరిగినా క్లెయిమ్ రాదు. ఆ పర్మిట్‌లు 1949 ఒప్పందం కింద ఒక రకం, 1968 ఒప్పందం కింద ఒక రకం ఉన్నాయి. జపాన్ మొదటిదాన్నే, వియత్నాం రెండోదాన్నే గుర్తిస్తాయి. అద్దె దుకాణంవాళ్లు ఇవేవీ అడగరు, తాళం చేతిలో పెడతారు.

ఎలాంటి బ్యాగు, ఎంత బరువు?

40 నుంచి 45 లీటర్లు, నిండాక పది కిలోలలోపు. బ్యాగు కొనేటప్పుడు ఎత్తుని కాదు, వీపు పొడవుని చూడాలి. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి, నడుం పక్కల ఎముకల పై అంచు మట్టం దాకా కొలిస్తే వచ్చేది అది. దుకాణంలో ఖాళీ బ్యాగు వేసుకుని అద్దంలో చూసుకోవద్దు. ఎనిమిది కిలోలు నింపమనండి. భుజాల పట్టీలు వదులుగా ఉంచి ముందు నడుం పట్టీ తుంటి ఎముకల మీద బిగించండి, తర్వాత భుజాలవి లాగండి. బరువులో ఎక్కువ భాగం తుంటి మోయాలి. బొటనవేలు భుజం పట్టీ కిందికి సులువుగా దూరితే అమరినట్టే. అలాగే పావుగంట నడవండి, మెట్లెక్కండి.

బట్టలు నాలుగు జతలు చాలు, ప్రతిచోటా ఉతుక్కోవచ్చు. "ఒకవేళ అవసరమైతే" అని పెట్టుకున్నవన్నీ తీసేయండి, అవసరమైన రోజు అక్కడే దొరుకుతాయి. పవర్ బ్యాంక్ చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. 100 వాట్-అవర్లు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి.

సమాచారం ఎక్కడ నమ్మాలి?

వీసాకి ఆ దేశపు ప్రభుత్వ సైట్ తప్ప వేరేది నమ్మొద్దు. ప్రభుత్వ సైట్‌ని పోలిన పేరుతో ఎక్కువ రుసుము గుంజే సైట్లు చాలా ఉన్నాయి, చిరునామా అక్షరం అక్షరం చూడండి. రైళ్లకి సీట్61 సైట్‌ని మించింది నేను చూడలేదు. ఊళ్ల గురించి వికీవాయేజ్ మంచి మొదలు. ఎవరు రాసిందైనా ముందు తేదీ చూడండి. మ్యాప్‌లు ఫోన్‌లో దించుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎంఅండ్ యాప్‌లు నెట్ లేకుండానే కాలిబాటలు కూడా చూపిస్తాయి.

బస ఎంత ముందుగా బుక్ చేసుకోవాలి?

కొత్త దేశంలో మొదటి రెండు రాత్రులు తప్పకుండా. పండగలు, సెలవుల వారాలు కూడా. మిగతావి రెండు మూడు రోజుల ముందు సరిపోతుంది.

ఒంటరిగా వెళ్లడం క్షేమమేనా? నేను అమ్మాయిని.

ఒంటరిగా సుదీర్ఘ యాత్రలు చేసే మహిళలు చాలామందే ఉన్నారు. ప్రణాళికలో చేయగలిగినవి చెబుతాను. కొత్త ఊరికి పగటిపూట చేరేలా టికెట్ తీసుకోండి, ఇందుకోసం కాస్త ఎక్కువ ఖర్చయినా పర్వాలేదు. బస రివ్యూల్లో ఒంటరి మహిళలు రాసినవి వెతికి చదవండి. మొదటి దేశం తేలికైనది పెట్టుకోండి. ఎక్కడుంటున్నారో ఇద్దరికి తెలియాలి, ఎన్ని గంటలు కబురు లేకపోతే వాళ్లు ఏం చేయాలో ముందే మాట్లాడుకోవాలి. ఒక చోటు బాగా లేదనిపిస్తే కట్టిన డబ్బు గురించి ఆలోచించకుండా వెళ్లిపోండి, బడ్జెట్‌లో ఆ పదిహేను శాతం ఉన్నది అందుకే.

మధ్యలో విసుగొస్తే?

వస్తుంది, దాదాపు అందరికీ. మూడు నాలుగు నెలలయ్యాక ఇంకో కోట, ఇంకో జలపాతం ఏమీ అనిపించవు. దాన్ని ముందే లెక్కలోకి తీసుకుని ప్రతి మూడు నెలలకి రెండు వారాలు ఏ ప్లానూ లేకుండా వదలండి. వంటగది ఉన్న గది, నచ్చిన ఊరు, చూడాల్సిన జాబితా లేని రోజులు. అప్పటికీ తేరుకోకపోతే యాత్ర కుదించుకోవడంలో ఏ తప్పూ లేదు.

బయలుదేరే ముందు ఇంటి దగ్గర ఏమేం ముగించాలి?

పన్నులు, బ్యాంకు, ఆస్తి వ్యవహారాలు మీ తరఫున చూడడానికి నమ్మకస్తులకి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వండి. పళ్లు, కళ్లు పరీక్ష చేయించుకోండి. పాస్‌పోర్ట్, వీసాలు, ఇన్సూరెన్స్, టీకా కార్డుల స్కాన్‌లు ఆన్‌లైన్‌లో ఒకచోట, ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి. పాస్‌పోర్ట్ పోతే పోలీసు ఫిర్యాదు, ఆ కాపీ, రెండు ఫోటోలు తీసుకుని మీ రాయబార కార్యాలయానికి వెళ్లాలి, కాబట్టి నాలుగైదు పాస్‌పోర్ట్ ఫోటోలు బ్యాగులో వేసుకోండి. మీ దేశపు విదేశాంగ శాఖకి ప్రయాణికుల నమోదు ఉంటే చేసుకోండి. బ్యాంకు కార్డుల గడువు తేదీలు ఇవాళే చూడండి. యాత్ర ఏడో నెలలో చెల్లిపోయే కార్డు ఉంటే కొత్తది ఇప్పుడే అడిగి తీసుకోండి, కొత్త కార్డు ఇంటి చిరునామాకే వస్తుంది.